మూడక్షరాల పక్కన అంకె

"మీ నాన్ననడుగు, ఈ పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టారో."

నాన్న రెండడుగుల దూరంలో, గది గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతి వేళ్ళకి ఆకుపచ్చ చిలుము పొడి ఇంకా అంటుకునే ఉంది.

"బీరువా మీద, పాత పేపర్ల కింద," అన్నాడు.

అమ్మ కదల్లేదు. కూతురి వంకే చూస్తోంది.

"బీరువా మీదటమ్మా. పాత పేపర్ల కింద," అంది అమ్మలు.

"నాకూ చెవులున్నాయి," అంది అమ్మ, స్టూలు లాక్కుంటూ.

రెండేళ్ళుగా ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ అమ్మలు మీదుగానే నడుస్తున్నాయి. ఫ్యాను ఆపమనాలన్నా, కుళాయి కారుతోందని చెప్పాలన్నా, మందులు అయిపోయాయన్నా ఆమె మధ్యలో నిలబడి అటుది ఇటు, ఇటుది అటు మోయాలి. ఒక్కోసారి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండగానే మోయాలి.

ఇవాళ పొద్దున మాత్రం అమ్మ నాన్నతో నేరుగా మాట్లాడింది. రెండేళ్ళలో మొదటిసారి. రెండే మాటలు.

"ఇదీ మిగల్చలేదా?"

అంతే. ఆ తర్వాత పెట్టె కిందికి దించింది.

"పెద్దమ్మకి ఫోన్ చేశాను. నాలుగింటి బస్సు," అంది ఇప్పుడు, బట్టలు మడత పెడుతూ.

"ఎన్నాళ్ళుంటావమ్మా అక్కడ?"

"అల్మారా తెరిచి చూడు. నీకే తెలుస్తుంది."

అమ్మలు చూసింది. అల్మారాలో అమ్మ అరలు రెండూ ఖాళీ. కింద పరిచిన కాగితం మాత్రం ఉంది. వంటింటి తలుపు వెనక మేకుకి రెండేళ్ళుగా వేలాడుతున్న తమ్ముడు చిన్నోడి గోధుమరంగు పని కోటు కూడా పెట్టెలోకి చేరింది. ఉతకనివ్వలేదు దాన్ని అమ్మ ఎవర్నీ. గ్రీజు మరకలతో అలాగే మడిచి, అన్నిటికంటే అడుగున పెట్టింది.

నాన్న ఆ కోటు వంక ఒక్క క్షణం చూశాడు. గుమ్మం వదిలేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

*

ఇంటి ముందు సగం షెడ్డు, వెనక సగం కాపురం. మధ్యలో ఒక తలుపు. ఆ షెడ్డులోనే నాన్న నలభై ఏళ్ళుగా నాణెం వేసి ఆడే పాత ఆట మిషన్లు బాగుచేస్తున్నాడు. తుపాకీతో బాతుల్ని కొట్టేవి, కొక్కెంతో బొమ్మల్ని ఎత్తేవి, గాజు కింద రెండు చిన్న రెక్కలతో కొడుతుంటే ఇనప బంతి గింగిరాలు తిరిగేవి. చదువు అయిపోయాక అమ్మలు కూడా ఆ పనిలోకే వచ్చింది. పాత మిషన్లు ఎక్కడున్నాయో వెతకడం, అది ఏ కాలంనాటిదో, ఎవరు చేసిందో, లోపల ఏవి అసలువో ఏవి అతికినవో తేల్చడం ఆమె వంతు.

నాలుగు రోజుల కిందట, మూతబడ్డ ఒక హోటలు గిడ్డంగిలో పట్టా కింద ఒక బంతి మిషను దొరికింది.

మిషను ఎక్కడిదో తెలియాలంటే బయట రంగు చూసి లాభం లేదు. రంగులు మారుస్తారు, కాళ్ళు మారుస్తారు, నాణేలు వేసే తలుపు ఒకదానిది తెచ్చి ఇంకోదానికి బిగిస్తారు. అందుకే అమ్మలు స్కోరు కనిపించే పై పెట్టె వెనక తలుపు తీసి, టార్చి వేసింది. తలుపు లోపలి చెక్క మీద పెన్సిలు గీతలు. బాగుచేసిన వాళ్ళు తారీఖు వేసి, ఏం చేశారో రెండు ముక్కలు రాయడం ఈ పనిలో ఆనవాయితీ.

'కుడి రెక్క స్ప్రింగు మార్చాను.' 'ఎడమ దీపాలు.' 'మళ్ళీ కుడి రెక్క. ఎవడో తెగ బాదుతున్నాడు.'

నాన్న చేతిరాత.

బస్టాండు మేడ మీద ఒకప్పుడు ఉన్న ఆటల హాలులోది ఆ మిషను. ఆ తెగ బాదినవాడు చిన్నోడే. పదిహేడో ఏట ఆ హాలులో అందరికంటే ఎక్కువ స్కోరు చేసి, మిషను పేరు అడిగితే తన పేరుకి గుర్తుగా మూడక్షరాలు పెట్టి వచ్చాడు. అమ్మలు అప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంది. ఆ గోలంతా ఉత్తరాల్లో చదివిందే తప్ప చూడలేదు.

గిడ్డంగి నుంచి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది ఆ రోజు.

"అమ్మా, చిన్నోడు ఆడిన మిషను దొరికింది. ఆన్ చేసి చూశాను. వాడి మూడక్షరాలు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పైన."

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"వెలుగుతున్నాయా?"

"నీలంగా వెలుగుతున్నాయి."

ఆ నాలుగు రోజులూ అమ్మ మనిషే మారిపోయింది. తల దువ్వుకుంది. కిటికీ తెరిచింది. "ఎప్పుడొస్తుంది? లారీవాడు జాగ్రత్తగా తెస్తాడా?" అని పదిసార్లడిగింది. "మీ నాన్నకి చెప్పకు. ముందు నేను చూడాలి," అని ఒట్టు వేయించుకుంది.

అదే కొంప ముంచింది.

పొద్దున తొమ్మిదింటికి లారీ వచ్చింది. మిషను దింపించి, అమ్మలు ఫ్యూజులు కొనడానికి నాలుగు వీధుల అవతలికి వెళ్ళింది. అమ్మ గిన్నెలు కడుగుతోంది. నాన్నకి ఏమీ తెలియదు. లోపలికొచ్చిన ప్రతి మిషనుకీ ఆయన మొట్టమొదట ఏం చేస్తాడో ఈ మిషనుకీ అదే చేశాడు. వెనక తలుపు తీశాడు. బోర్డు మీద నీలం తొడుగు బ్యాటరీ నుంచి కారిన రసం ఆకుపచ్చగా పేరుకుని రాగి దారుల్ని తినేస్తోంది. దాన్ని అక్కడ ఒక్క గంట ఉండనిచ్చినా ఆయన ప్రాణం ఒప్పుకోదు. కటింగు ప్లయరుతో ఆ బ్యాటరీ తీగ కాళ్ళు రెండూ కత్తిరించేశాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఆగలేక మధ్య తలుపు తీసుకుని వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. చిన్నోడు పోయాక ఆ గడప దాటడం అదే మొదలు.

పక్క షెడ్డు రంగులాయన అక్కడే ఉన్నాడు, మిషను పక్కల మీద పెచ్చులూడిన బొమ్మలు చూడ్డానికి వచ్చి.

"రండి వదినగారూ! ఎన్నాళ్ళకి!" అని సంబరపడ్డాడు.

"ఏమిటది, ఆయన చేతిలో?"

"బ్యాటరీ. కరెంటు లేనప్పుడు ఎవడి స్కోరు ఎంతో గుర్తుపెట్టుకునేది ఇదే. కానీ బోర్డుని చెదపురుగులా తినేస్తుంది. పీకేస్తే పాత స్కోర్లు ఎగిరిపోతాయనుకోండి. పోతే పోనిద్దురూ, ఎవడికి కావాలి అవి!"

ఫ్యూజుల పొట్లంతో అమ్మలు లోపలికొచ్చేసరికి వినబడింది, అమ్మ గొంతు.

"ఇదీ మిగల్చలేదా?"

*

"అమ్మా, నాన్నకి తెలీదు. చెప్పొద్దని నువ్వే అన్నావు," అంది అమ్మలు, పెట్టె మూత మీద చెయ్యేసి.

"చెయ్యి తియ్యి."

"తెలిసి చేస్తే కదా తప్పు."

"ఆ రోజు కూడా తెలిసి చెయ్యలేదులే." అమ్మ మూత మీద కూర్చుంది. "రెండో అంతస్తు నుంచి అంత బరువు మిషను దింపుతుంటే పైన బెల్టు పట్టుకున్నది మీ నాన్న. కింద నా కొడుకు. పట్టు జారిందన్నారు. సరే, జారింది. చెయ్యి చెమట పట్టింది, జారింది. నేను ఒక్క మాటన్నానా? అరిచానా? మాట్లాడటం మానేశాను, అంతే."

"అరిచినా బాగుండేదమ్మా."

"ఇవాళ? ఇవాళ కూడా జారిందా? కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, వెతికి మరీ కత్తిరించారు."

బెల్టు జారిన ఆ రోజు తర్వాత మెట్లున్న ఏ ఇంటి నుంచీ నాన్న మిషను తీసుకోలేదనీ, ఎంత మంచిదైనా, ఎంత బతిమాలినా "కిందికి దించి పిలవండి" అంటాడనీ అమ్మకి తెలియదు. అలాంటి మాటలు మోసుకెళ్ళమని అమ్మలుకి ఎవరూ ఇవ్వలేదు.

"నువ్వు చూశావు," అంది అమ్మ మెల్లిగా. "నా కళ్ళతో నేనొక్కసారి చూస్తే చాలనుకున్నాను. నువ్వైనా చూశావు. అదొక్కటే ఇంక."

అమ్మలు మూత మీంచి చెయ్యి తీసేసింది.

*

షెడ్డులో వెనిగరు వాసన. నాన్న బోర్డుని బల్ల మీద పెట్టుకుని, పాత పళ్ళబ్రష్షుతో చిలుము రుద్దుతున్నాడు. రంగులాయన మూల స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"నా నోటికి రెండు పూతలు పెయింటు కొట్టుకోవాలి, అమ్మాయ్," అన్నాడు. "తెరిస్తే పెచ్చులే. వదినగారి కాళ్ళ మీద పడమంటే పడతాను."

"ఇప్పుడు వెళ్తే అమ్మ మీ మీదుగానే నడిచి బస్టాండుకి పోతుంది బాబాయ్," అంది అమ్మలు.

"నడవనీ. నడుం నొప్పి పోతుంది," అన్నాడు గానీ నవ్వలేదు. లేచి, నాన్న భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి వెళ్ళిపోయాడు.

పళ్ళబ్రష్షు చప్పుడొక్కటే మిగిలింది.

"నాన్నా, తెలీదని అమ్మకి ఒక్క మాట చెప్పొచ్చుగా."

"ఎవరితో చెప్పి పంపను? నీతోనా?"

"నేను చెప్పాను. వినలేదు."

"మరి."

అమ్మలు బల్ల చివరనున్న బిస్కెట్ల డబ్బా దగ్గరకి లాక్కుంది. కత్తిరించిన బ్యాటరీలన్నీ నాన్న అందులో వేస్తాడు. పైనున్నది ఇవాళ్టిదే. నీలం తొడుగు మీద అంటించిన తెల్ల కాగితం టేపు, దాని మీద పెన్సిలుతో ఇవాళ్టి తారీఖు.

తారీఖు కింద, ఒక గీత గీసి, సున్నా.

నాన్న పద్ధతే అది. ఏ బ్యాటరీనైనా కత్తిరించే ముందు మీటరు పెట్టి చూస్తాడు. ఎంత మిగిలిందో టేపు మీద రాసి అంటిస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. పొద్దున్నుంచి ఎందుకు తోచలేదో తనకి!

"ఇది ఎప్పుడు పోయింది నాన్నా?" అంది అమ్మలు.

"మిషను ఆపేసిన ఆర్నెల్లకే పోయుంటుంది. ఏడో ఎనిమిదో ఏళ్ళయ్యుంటుంది."

"అంటే నువ్వు కత్తిరించేసరికి..."

"ఏమీ లేదు అందులో."

పళ్ళబ్రష్షు ఆగలేదు.

అసలు ఆ గిడ్డంగిలో కరెంటే లేదు. టార్చి వెలుగులో నాన్న పెన్సిలు గీతలు చూసిందే తప్ప, అమ్మలు ఆ మిషను ఆన్ చేసింది లేదు. నీలం అక్షరాలూ లేవు, ఏమీ లేవు. ఇంటికి నడిచొస్తూ దారిలో కట్టిన కథ. ఇరవై ఏళ్ళ నాటి బ్యాటరీలో ఏం మిగులుతుందో ఆమెకి తెలియక కాదు.

"నేను అబద్ధమాడానని నీకు పొద్దున్నే తెలుసా?" అంది. "అమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయాక, ఆ అక్షరాలు చూశానని అమ్మకి చెప్పిన సంగతి నీతో అన్నానే, అప్పుడే?"

"మీటరు చెప్పిందిగా."

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు? నేను తియ్యకముందే ఖాళీ అని ఒక్క మాట! నీ మీద పడేది కాదు కదా!"

నాన్న బ్రష్షు పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"చెప్తాననుకో. ఆ తర్వాత ఏమడుగుతుంది మీ అమ్మ?"

అమ్మలు టేపు మీది సున్నా వంక చూసింది.

"మరైతే అమ్మలు ఏం చూసింది, అంటుంది," అన్నాడు ఆయనే. "నా నెత్తిన ఇంకోటి పడితే ఏమవుతుందే? అలవాటైన నెత్తి. నీతో కూడా మాటలు మానేస్తే ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? గోడలతోనా?"

అమ్మలు బల్ల మీద తల పెట్టేసుకుంది. ఏడుపు రాలేదు.

"రెండు రోజులు దొరుకుతాయనుకున్నాను," అంది, తల ఎత్తకుండానే. "బోర్డు బాగుచేసి, కొత్త బ్యాటరీ పెట్టి, నేనే ఆడి, స్కోరు పైకి తెచ్చి, వాడి అక్షరాలు పెడదామనుకున్నాను."

"నువ్వా?" అన్నాడు నాన్న. "ఒక్క బంతినైనా నిమిషం పాటు కింద పడకుండా ఆపావా ఎప్పుడైనా నువ్వు?"

ఆమె నవ్వింది. నవ్వుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది.

"నేను వెళ్ళి చెప్పేస్తాను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"వద్దు."

"నాలుగింటికి బస్సు నాన్నా!"

"ఎక్కనీ. మీ పెద్దమ్మ దగ్గర కూర్చుని నన్ను తిట్టుకుంటుంది. తిట్టనీ. రోజూ ఎవరో ఒకరితో నాలుగు మాటలాడితే చాలు."

*

మధ్య తలుపు కిర్రుమంది.

అమ్మ బయటికి వెళ్ళే బట్టల్లో ఉంది. పెట్టె గడప అవతలే ఆపి, ఒక్కతే లోపలికొచ్చింది. మిషను ముందు నిలబడింది. గాజు మీద ఏళ్ళనాటి దుమ్ములో వేలితో చిన్న కిటికీ అంత తుడిచి, లోపలికి చూసింది. వాలుగా ఉన్న బల్ల, రంగు వెలిసిన రింగులు, కిందుగా రెండు రెక్కలు.

"ఇది వెలుగుతుందా ఇప్పుడు? మీ నాన్ననడుగు."

"దీపాలు వెలుగుతాయి. బోర్డు లేకుండా స్కోరు రాదు," అన్నాడు నాన్న.

అమ్మలు నోరు తెరిచేలోపే అమ్మ తలూపింది.

నాన్న వంగి మీట నొక్కాడు. పసుపు, ఎరుపు దీపాలు ఒక్కొక్కటే మినుకు మినుకుమంటూ వచ్చాయి. సగం రానేలేదు. పైన స్కోరు కనిపించే గాజు పలక నల్లగా ఉండిపోయింది.

అమ్మ ఆ నల్లటి చోటునే చూసింది. కుడివైపు మీట మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కింది. రెక్క కదల్లేదు.

తర్వాత మెల్లిగా చుట్టూ తిరిగి మిషను వెనక వైపుకి వచ్చింది. తీసి ఉన్న తలుపు మీద గీతలు చూసి ఆగిపోయింది.

"ఈ రాతలన్నీ మీ నాన్నవేనా?"

"అవునమ్మా. బాగుచేసినప్పుడల్లా రాస్తారు."

"'ఎవడో తెగ బాదుతున్నాడు'..." అమ్మ చదివింది. మళ్ళీ చదివింది. "వీటిని చెరపరా ఎవరూ?"

"చెరపకూడదు. మిషను ఎన్ని చేతులు మారినా, రంగులన్నీ గీకేసినా, ఈ తలుపు ముట్టుకోరు."

"బ్యాటరీ అక్కర్లేదా దీనికి?"

"అక్కర్లేదమ్మా."

అమ్మ తిరిగింది. కూతురి వైపు కాదు.

"అయితే రాయండి," అంది.

నాన్న ఆమె వంక చూశాడు. తననేనా అన్నట్టు అమ్మలు వంక చూశాడు. మోయాల్సిన మాటేమీ లేదు అక్కడ.

"ఏమని?" అన్నాడు, గొంతు సర్దుకుని.

"వాడి మూడక్షరాలు. పక్కన వాడి స్కోరు. ఎవరూ కత్తిరించలేని చోట రాయండి."

నాన్న చెవి వెనకున్న పెన్సిలు తీశాడు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన గీతలన్నిటి కిందా ఖాళీ చూసుకుని ఒక అక్షరం రాశాడు. రెండోది. మూడోది రాయడానికి చాలాసేపు పట్టింది. అమ్మ వంగి చూసింది. ఆమె చెయ్యి తెలియకుండానే ఆయన భుజానికి ఆనింది. తీయలేదు.

వీధిలో ఏదో బస్సు హారను మోగింది. నాలుగింటిది కాదు. అయినా అమ్మ తల తిప్పలేదు.

"నీ కళ్ళతో చూశావుగా అమ్మలూ," అంది. "ఎంతో చెప్పు."

అమ్మలు నాన్న వీపు వంక చూసింది.

"అంకె... అంత సరిగ్గా గుర్తులేదమ్మా."

"గుర్తు తెచ్చుకో. ఏడంకెలు." అమ్మ గొంతులో కోపం లేదు. రెండేళ్ళ కిందటి అమ్మ గొంతు అది. "నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలీదు. వాడు ఆ రోజు వీధి మలుపు నుంచే అరుచుకుంటూ వచ్చాడు ఆ అంకె. వారం రోజులు అదే జపం. స్నానం చేస్తూ అదే, భోజనం దగ్గర అదే. చెవులు చిల్లులు పడ్డాయి నాకు. ఒక్క అంకె కూడా మర్చిపోలేదు."

నాన్న పెన్సిలు గాలిలో ఆగిపోయింది.

"నాకు గుర్తున్నదీ, నువ్వు చూసిందీ ఒకటే అయితే చాలు," అంది అమ్మ. "వాడు నిజంగా అక్కడున్నాడు అనుకుంటాను. ఆ బట్టల పెట్టె మళ్ళీ విప్పుకుంటాను. చెప్పు తల్లీ."

నాన్న వెనక్కి తిరగలేదు. పెన్సిలు మొన చెక్క మీద ఆనించి, అలాగే ఉన్నాడు. మూడక్షరాల పక్కన చిన్న నల్లచుక్క పడింది. ఆయన నొక్కేకొద్దీ అది పెద్దదవుతోంది.